తాళాలగుత్తి చేతికొచ్చాక

పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ మాటపడేది విడిది చూసుకునే మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి వేన్నీళ్ళు కావాలి. ఒకరికి చక్కెర లేని కాఫీ, ఇంకొకరికి చిక్కటి టీ. ఇస్త్రీపెట్టె ఎక్కడ, అద్దం ఎక్కడ, మేడ మీది గదిలో ఫ్యాను తిరగడం లేదేం? అన్నీ సవ్యంగా జరిగిపోతే ఆ మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు. గీజరొక్కటి మొరాయిస్తే మాత్రం, ఆ పెళ్ళి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మగపెళ్ళివారు ఇరవై ఏళ్ళపాటు చన్నీళ్ళ స్నానాన్నే తలుచుకుంటారు.

ఆ విడిది పనే ఇప్పుడు పూర్తిస్థాయి వ్యాపారమైంది. ఇల్లు ఒకరిది. అందులో రెండు మూడు రోజులుండి వెళ్ళే అతిథి వేరొకరు. ఇంటాయన న్యూజెర్సీలోనో సింగపూర్‌లోనో ఉంటాడు, అతిథి అప్పుడే రైలు దిగుతాడు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నడుమ తాళాలగుత్తి పట్టుకుని నిలబడే మూడో మనిషి కావాలి. ఆన్‌లైన్‌లో ఇంటి ఫొటోలు పెట్టడం, ధర నిర్ణయించడం, బుకింగులు చూసుకోవడం, అతిథిని లోపలికి పంపడం, ఇల్లు తుడిపించి దుప్పట్లు మార్పించడం, నెలాఖరున ఇంటాయనకు లెక్క చెప్పడం, ఇవన్నీ ఆ మనిషి పనులే. పెట్టుబడి తక్కువ, పని ఎక్కువ ఉన్న ఈ వ్యాపారం హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో చదువుకున్న యువతను, ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా చేద్దామనుకునే దంపతులను ఆకర్షిస్తోంది. తొందరపడి దిగినవారు దెబ్బతినే చోట్లు కూడా ఇందులో చాలానే ఉన్నాయి.

మూడు గాలిపరుపులతో మొదలు

డబ్బు పుచ్చుకుని పరాయివాళ్ళకు ఇంట్లో ఆతిథ్యమివ్వడం తెలుగునేలకు కొత్తేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్ళమ్మ చేసింది ఆ కోవలోని పనే. ఇంటర్నెట్ వచ్చాక మారిందల్లా ఊరూ పేరూ తెలియని ఇంటిని ముందే చూసుకుని, ముందే డబ్బు కట్టే వీలు దొరకడం. 1995లో అమెరికాలోని కొలరాడోలో డేవిడ్ క్లౌజ్ అనే ఆయన మంచుకొండల దగ్గరున్న తన ఇంటిని అద్దెకివ్వడానికి ఒక వెబ్‌సైట్ పెట్టారు. అదే ఇవాళ్టి వర్బో.

2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రయాన్ చెస్కీ, జో గెబ్బియా అనే ఇద్దరు కుర్ర డిజైనర్లకు ఇంటద్దె కట్టడం కష్టమైంది. అదే సమయంలో ఊళ్ళో డిజైనర్ల సదస్సు జరుగుతుండటంతో హోటళ్ళన్నీ నిండిపోయాయి. వాళ్ళు హాల్లో మూడు గాలిపరుపులు పరిచి, పొద్దున ఫలహారంతో కలిపి రాత్రికి 80 డాలర్లని ప్రకటించారు. వచ్చిన ముగ్గురు అతిథుల్లో ఒకరు భారతీయుడు. మరుసటి ఏడాది నాథన్ బ్లెచార్జిక్ అనే ఇంజినీరు జతకలిశాక ఎయిర్‌బీఎన్‌బీ సంస్థగా రూపుదిద్దుకుంది.

ఈ వేదికలు ఇంటినీ అతిథినీ కలుపుతాయి, డబ్బు వసూలు చేసిపెడతాయి. దుప్పటి మాత్రం ఉతకవు. అర్ధరాత్రి తాళం పడకపోతే వచ్చి తలుపు తీయవు. నిర్వాహకుడికి చోటు దొరికింది అక్కడే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చోటు మరీ విశాలంగా ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్, విశాఖ మధురవాడ లాంటి ప్రాంతాల్లో విదేశాల్లో ఉంటున్నవారి ఫ్లాట్లు ఎన్నో తాళం వేసి ఉంటాయి. మామూలు అద్దెకు ఇచ్చేస్తే సెలవులకు వచ్చినప్పుడు దిగడానికి సొంత ఇల్లుండదు. ఇవ్వకపోతే నెలనెలా మెయింటెనెన్స్ కట్టాల్సిందే, పైగా వాడని ఇంట్లో కొళాయిలు బిగుసుకుపోతాయి, గోడలు చెమ్మెక్కుతాయి. రెండు మూడు రోజుల లెక్కన అద్దెకిచ్చి, తమకు కావలసిన నెల తాము వాడుకోవడం వాళ్ళకు బాగా కుదిరే ఏర్పాటు.

అతిథులకూ కొదవలేదు. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. వీసా ఇంటర్వ్యూకు ముందురోజే కుటుంబంతో వచ్చి దగ్గర్లో దిగాలనుకునేవాళ్ళు ఏడాది పొడవునా ఉంటారు. ఆపరేషన్ కోసం జిల్లాల నుంచి వచ్చిన రోగి కుటుంబానికి హోటల్ గది కన్నా పథ్యం వండుకునే వంటిల్లున్న ఫ్లాటే నయం. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరానికీ, చలికాలంలో అరకు, లంబసింగిలకూ వచ్చే జనం సంగతి సరేసరి.

వాటా పద్ధతి, లీజు పద్ధతి

ఈ వ్యాపారంలో దిగేవారి ముందు రెండు దారులుంటాయి. మొదటిది వాటా పద్ధతి. ఇల్లు ఇంటాయనదే, లాభనష్టాలూ ఆయనవే. నిర్వాహకుడు వచ్చిన ఆదాయంలో ఒప్పుకున్న శాతం తీసుకుంటాడు. 20 శాతం అటూ ఇటూగా మాట్లాడుకోవడం మామూలు, చాకిరీ ఎక్కువున్న విల్లాలకు అది 30 దాకా పోతుంది. రెండోది లీజు పద్ధతి. ఇంటాయనకు నెలకింతని ఖాయంగా కట్టి, ఇంటిని రోజువారీ లెక్కన అద్దెకు తిప్పి, మిగిలింది జేబులో వేసుకోవడం. సామాజిక మాధ్యమాల్లో ‘సొంతిల్లు లేకుండానే లక్షలు’ అంటూ ఊరించేది ఈ రెండోదాన్నే.

ఊహకు ఒక లెక్క వేసుకుంటే రెంటికీ తేడా తెలుస్తుంది. మామూలుగా నెలకు 25,000 రూపాయల అద్దె వచ్చే రెండు పడకగదుల ఫ్లాట్‌ను రాత్రికి 3,000కు ఇస్తున్నారనుకుందాం. నెలలో 18 రాత్రులు నిండితే వచ్చేది 54,000. నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానమైన హోస్టుల నుంచి ఎయిర్‌బీఎన్‌బీ 2025 అక్టోబరు చివరి నుంచి 15.5 శాతం తీసుకుంటోంది. ఆ 8,370 పోగా 45,630. నెలలో ఏడుసార్లు అతిథులు మారితే, తుడిచి ఉతికించడానికి సారికి 700 చొప్పున 4,900. కరెంటు, ఇంటర్నెట్, గ్యాస్, మెయింటెనెన్స్‌కు 7,000 వేసుకున్నా మిగిలేది 33,730. వేదిక రుసుము పోగా ఉన్నదాని మీద నిర్వాహకుడి 20 శాతం వాటా 9,126. పన్నులు పక్కనపెట్టినా ఇంటాయనకు చేరేది 24,604.

అంటే మామూలు అద్దె కన్నా దాదాపు నాలుగు వందలు తక్కువ. ఇంటాయనకు ఈ తలనొప్పంతా ఎందుకనిపించే అంకె అది. అదే ఇల్లు 24 రాత్రులు నిండి, పదిసార్లు అతిథులు మారి, బిల్లులు 8,000 అయ్యాయనుకుంటే ఇంటాయనకు 33,672, నిర్వాహకుడికి 12,168 వస్తాయి. లాభమంతా ఆ చివరి ఆరు రాత్రుల్లోనే ఉంది.

ఇక వ్యాపారం మందగించిన నెల. పన్నెండు రాత్రులే నిండాయి. వచ్చిన 36,000లో రుసుము, అయిదుసార్ల శుభ్రత, 6,000 బిల్లులు పోతే మిగిలేది 20,920. వాటా పద్ధతిలో ఉన్నవాడికి ఆ నెల కూడా ఆరు వేలు వస్తాయి. లీజు పద్ధతిలో ఉన్నవాడు 25,000 అద్దె కట్టాలి కాబట్టి జేబులోంచి నాలుగు వేలు వేసుకోవాలి. పది ఇళ్ళుంటే నలభై వేలు. అలాంటి నెలలు వరసగా రెండొస్తే అప్పు తప్పదు.

ఈ ప్రమాదం ఎంత పెద్దదో 2025లో లోకమంతా చూసింది. మాంట్రియల్‌లో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు మారిన సోండర్ అనే సంస్థ పలు దేశాల నగరాల్లో భవనాలను, ఫ్లాట్లను లీజుకు తీసుకుని రోజువారీ అద్దెకిచ్చేది. 2022 జనవరిలో స్టాక్ మార్కెట్‌కెక్కింది. 2024లో మారియట్ హోటళ్ళ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. 2025 నవంబరు 9న మారియట్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది, మరునాడే సోండర్ మూసివేత ప్రకటించింది. గదుల్లో ఉన్న అతిథులు పెట్టెలు సర్దుకుని ఉన్నపళంగా వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

దూరమైన చేతులు

అయితే వాటా పద్ధతిలో ఉంటే చాలు, గట్టెక్కినట్టేనా? వకాసా కథ అందుకు జవాబు. ఎరిక్ బ్రియాన్ అనే అమెరికన్‌కు వాషింగ్టన్ తీరంలోని తమ సెలవుల ఇంటికి సరైన నిర్వాహకుడు దొరకలేదు. 2009లో క్లిఫ్ జాన్సన్‌తో కలిసి ఆయనే పోర్ట్‌లాండ్‌లో వకాసాను మొదలుపెట్టారు. ఆ సంస్థ ఇతరుల ఇళ్ళను వాటాకు చూసుకుంటూ, చిన్న చిన్న స్థానిక నిర్వాహకులను కొనుక్కుంటూ 40,000కు పైగా ఇళ్ళకు ఎదిగింది. 2021 చివర్లో స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టినప్పుడు దాని విలువను దాదాపు 450 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు.

ఆ తర్వాత ఇంటి యజమానులు ఒక్కరొక్కరే తప్పుకోవడం మొదలైంది. 2023 జనవరిలో 1,300 మంది ఉద్యోగాలు పోయాయి. 2024లో ఇంకొందరిని తొలగిస్తూ, నిర్ణయాధికారాన్ని కేంద్ర కార్యాలయం నుంచి స్థానిక బృందాలకు మళ్ళించే ప్రయత్నం జరిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. 2025లో కసాగో అనే సంస్థ వకాసాను దాదాపు 13 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఆ కొన్న సంస్థ పనితీరు చూడదగ్గది. స్టీవ్ ష్వాబ్ 2001లో మెక్సికోలోని ఒక సముద్రతీర పట్టణంలో మొదలుపెట్టిన కసాగో ఫ్రాంచైజీ పద్ధతిలో నడుస్తుంది. ఏ ఊళ్ళో వ్యాపారానికి ఆ ఊరి మనిషే యజమాని. సాఫ్ట్‌వేర్, పేరు, పద్ధతులు సంస్థవి. తలుపు దగ్గరికి వెళ్ళే కాళ్ళు స్థానికుడివి. కొళాయి కారుతోందని రాత్రి పదింటికి ఫోనొస్తే, ఏ ప్లంబర్ ఆ వేళప్పుడు వస్తాడో ఊళ్ళో ఉన్నవాడికి తెలుస్తుంది. వేల మైళ్ళ దూరంలోని కాల్ సెంటర్‌కు తెలియదు. ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి ఆ దగ్గరితనమే.

అందుకే విశాఖలో మొదలుపెట్టే మనిషి తొలి అయిదారు ఇళ్ళనూ స్కూటర్ మీద ఇరవై నిమిషాల్లో చేరుకోగల దూరంలోనే ఎంచుకోవడం తెలివైన పని. భీమిలిలో ఒకటి, గాజువాకలో ఒకటి, అరకులో ఒకటి పెట్టుకుంటే రోజంతా రోడ్డు మీదే తెల్లారుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

ఇంటి ఫొటోలు తీయకముందే వెళ్ళాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గరికి. రోజువారీ అద్దెలను బైలాలు అనుమతించకపోతే, ఎంత అందమైన ఫ్లాటైనా వదులుకోవలసిందే. దొంగచాటుగా నడిపితే వాచ్‌మన్ గేటు దగ్గరే అతిథిని ఆపుతాడు, ఆ రాత్రి గొడవంతా రివ్యూలోకెక్కుతుంది. ఆ తర్వాత ప్రభుత్వ నమోదు సంగతి. ఉదాహరణకు గోవాలో పర్యాటకులకు ఇల్లు అద్దెకివ్వాలంటే 1982 నాటి పర్యాటక వ్యాపార నమోదు చట్టం కింద నమోదు కావాలి. ఇంటి యజమాని అక్కడే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా అతిథులకిచ్చే హోమ్‌స్టేలకు కేంద్ర పర్యాటక శాఖ గోల్డ్, సిల్వర్ అనే రెండు తరగతుల గుర్తింపునిస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్ హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ప్రకటించింది.

పన్నుల సంగతి మొదటి రోజే తెలుసుకోవడం మేలు. రోజుకు 7,500 రూపాయలు, అంతకన్నా తక్కువ ధర ఉన్న గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించితే 18 శాతం. జీఎస్టీ నమోదు అవసరం లేనంత చిన్న యజమాని ఆన్‌లైన్ వేదిక ద్వారా గది ఇస్తే, ఆ పన్ను కట్టే బాధ్యత వేదికదే. సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నిర్వాహకుడు కూడా నమోదు చేసుకోవాలి. లీజు పద్ధతిలో విదేశాల్లో ఉన్న యజమానికి అద్దె కట్టేవారు ఇంకో నిబంధన గుర్తుంచుకోవాలి. ప్రవాస భారతీయుడికి చెల్లించే అద్దెలోంచి 30 శాతం, దానిమీద సెస్సు కలిపి ముందే మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. ఇది తెలియక పూర్తి అద్దె పంపేస్తే ఆ పన్ను బాకీ చెల్లించినవాడి మెడకే చుట్టుకుంటుంది.

విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వారి వివరాలను ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకు పంపాలి. ఇన్నేళ్ళుగా ‘ఫారం సి’ అని వ్యవహారంలో ఉన్నది దీన్నే. పెళ్ళికి వచ్చిన వరంగల్ అబ్బాయి అచ్చ తెలుగులో మాట్లాడినా, చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టయితే కాగితాల ప్రకారం విదేశీయుడే. చాలామంది కొత్తవాళ్ళు పొరపడేది ఇక్కడే. స్వదేశీ అతిథులందరి గుర్తింపు కార్డుల నకళ్ళూ తీసుకుని భద్రపరచుకోవాలి. ఇంట్లో వండి పెట్టాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి.

అరకు, లంబసింగి వైపు చూసేవారికి మరో గట్టి హద్దుంది. ఏజెన్సీ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని ‘1/70 చట్టం’గా పేరుపడ్డ నిబంధన నిషేధిస్తుంది. ఆ బదలాయింపులో లీజు కూడా భాగమే. మైదానం నుంచి వెళ్ళి గిరిజనుడి స్థలం లీజుకు తీసుకుని కాటేజీలు వేయాలనుకునేవారికి దారి లేదు. ఇల్లు, స్థలం గిరిజన కుటుంబానివే అయి, అతిథుల రాబడి వాళ్ళకే చేరుతూ, బుకింగులు, ఫొటోలు, లెక్కల పని చేసిపెట్టి వాటా తీసుకునే ఏర్పాటు వేరు. ఆ కొండల్లో ఈ వ్యాపారం నిలవాలంటే ఆ దారినే వెళ్ళాలి, న్యాయం కూడా అదే.

పదకొండు నుంచి రెండు దాకా

ఈ వ్యాపారానికి గుండెకాయ రోజులో మూడు గంటలు. పదకొండింటికి ఒక కుటుంబం ఖాళీ చేస్తుంది, రెండింటికి ఇంకో కుటుంబం దిగుతుంది. ఈలోపు చెత్త తీయాలి, ఫ్రిజ్‌లో వదిలేసిన చట్నీ గిన్నె కడగాలి, బాత్రూమ్ నీళ్ళు పోయే జాలీలో వెంట్రుకలు తీయాలి, దుప్పట్లు మార్చాలి, గ్యాస్ చూసుకోవాలి, తాగునీటి క్యాన్ మార్పించాలి. టీవీ రిమోట్ బ్యాటరీలు, మస్కిటో కాయిల్, పొయ్యి పక్కన అగ్గిపెట్టె. ఇవి చూడ్డానికి చిన్నవే. అతిథి రాసే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వీటి గురించే.

దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు మంచానికి మూడేసి జతలుండాలని అనుభవమున్నవారు చెబుతారు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. వానాకాలం విశాఖలో రెండు రోజులు బట్టలారకపోయినా అప్పుడు పని ఆగదు. గదులన్నిటికీ తెల్లవే కొనడం మంచిది. రంగుల దుప్పటి మరకను దాస్తుంది, అతిథి మనసులో అనుమానాన్ని మాత్రం దాచలేదు.

ఈ మూడు గంటల పని చేసే మనిషి జీతం దగ్గర పిసినారితనం చేసినవారు నిలదొక్కుకోలేరు. తుడిచే ఆమె రాని రోజున వ్యాపారమే లేదు. పండగ రోజుల్లో అతిథులు ఎక్కువ, సెలవు కావాలనుకునేది కూడా అప్పుడే. అందుకే ఇద్దరు మనుషులకు పని తెలిసి ఉండాలి, పండగ కూలి రెట్టింపు ఇవ్వాలి, పని అయ్యాక గదిగదికీ ఫోన్లో ఫొటో తీసి పంపే అలవాటు చేయాలి. ఆ ఫొటోలు నిర్వాహకుడికి ధైర్యాన్నిస్తాయి, తర్వాత ఏదైనా విరిగిందన్న పేచీ వస్తే సాక్ష్యంగానూ నిలుస్తాయి. ఎయిర్‌బీఎన్‌బీలో నష్టపరిహారం అడగాలంటే అతిథి వెళ్ళిన 14 రోజుల్లోపే అడగాలి, ఆధారాలు చూపాలి.

అంకెల్లో కూడా ఈ పని విలువ కనిపిస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీలో మేటి ఆతిథేయులకిచ్చే ‘సూపర్‌హోస్ట్’ గుర్తింపు నిలుపుకోవాలంటే సగటు రేటింగ్ 4.8కు తగ్గకూడదు. పదిమందిలో తొమ్మిదిమంది అయిదు నక్షత్రాలిచ్చి ఒక్కరు మూడిస్తే సగటు సరిగ్గా 4.8. ఆ ఒక్కరు రెండే ఇస్తే గీత కిందికి జారినట్టే. మనవాళ్ళు ‘పర్వాలేదు, బాగానే ఉంది’ అనుకుంటూ మనస్ఫూర్తిగా నాలుగు నక్షత్రాలు నొక్కుతారు. అది నిర్వాహకుడికి దెబ్బని వాళ్ళకు తెలియదు.

పంచాంగం చూసి ధర

హోటళ్ళలాగే ఇక్కడా ధర రోజురోజుకూ మారుతుంది. అందుకు సాఫ్ట్‌వేర్లున్నాయి. చుట్టుపక్కల ధరలు, ఖాళీలు చూసి రేపటి ధర సూచిస్తాయి. తెలుగు నిర్వాహకుడి గోడ మీద వాటికి తోడు తెలుగు క్యాలెండరు కూడా ఉండాలి. మాఘ, శ్రావణ మాసాల ముహూర్తాలకు పెళ్ళివారు ఫ్లాట్లు వెతుకుతారు. ఆషాఢంలో, మూఢంలో ఆ బుకింగులుండవు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవుతుంది, అదే మూడు రోజులు భీమవరంలో గది దొరకడం గగనం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమహేంద్రవరంలో ఇంట్లో ఒక గది ఖాళీ ఉన్నవాళ్ళు కూడా ఇప్పటి నుంచే ఆలోచన చేస్తే బాగుంటుంది. పుణ్యస్నానానికి వచ్చిన ముసలివాళ్ళ దగ్గర పదింతలు గుంజడం మాత్రం ఆ ఊరి పేరుకే మచ్చ.

ఖాళీగా పోయిన రాత్రి మళ్ళీ రాదు. నిన్న అమ్మని చీరను ఇవాళ అమ్ముకోవచ్చు, నిన్నటి రాత్రిని అమ్ముకోలేం. అందుకే మంగళ, బుధవారాలకు ధర తగ్గించడం, వారం రోజులుండేవాళ్ళకు రాయితీ ఇవ్వడం, ఆసుపత్రి పని మీద వచ్చేవారికి నెలవారీ ధర చెప్పడం ఈ వ్యాపారంలో మామూలు. ఒకే ఇంటిని రెండు మూడు వేదికల్లో పెట్టినప్పుడు ఒకే రాత్రికి ఇద్దరు బుక్ చేసుకునే ప్రమాదముంది. అన్ని క్యాలెండర్లనూ ఒకచోట కలిపే చానల్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ ఆ తలనొప్పిని తప్పిస్తుంది.

నమ్మకం కాగితం మీద

ఇంటి తాళాలివ్వడమంటే మనిషిని నమ్మడమే. ఆ నమ్మకం చెడకుండా కాపాడేది ముందే రాసుకున్న ఒప్పందం. శాతం దేనిమీద లెక్కిస్తారు? వచ్చిన మొత్తం మీదా, వేదిక రుసుము పోయాకా? అడక్కుండా ఎంతదాకా ఖర్చుపెట్టొచ్చు? ఏ తారీఖున లెక్క చెప్పాలి? ఇంటాయన ఏ నెలలు తను వాడుకుంటాడు? విడిపోతే ముందే అయిన బుకింగుల గతేమిటి? ఆన్‌లైన్‌లో ఇంటి పేజీ, దానిమీద పోగైన రివ్యూలు ఎవరి ఖాతాలో ఉంటాయి? చివరి ప్రశ్నను మొహమాటానికి వదిలేసుకున్న చోట తర్వాత స్నేహాలు చెడతాయి. విదేశంలో ఉన్న యజమాని నుంచి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడగడం అనవసరం. ఇల్లు చూసుకోవడానికి పరిమితమైన ఒప్పందం చాలు.

యజమానుల డబ్బు, సొంత డబ్బు ఒకే బ్యాంకు ఖాతాలో కలిసిపోకూడదు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం సెలవుల ఇళ్ళ అద్దెల కోసం 1999లో చేసిన చట్టంలోనే, అతిథులు ముందుగా కట్టిన డబ్బును విడిగా ట్రస్టు ఖాతాలో ఉంచాలని నిర్దేశించింది. ఇక్కడ అలాంటి చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఇంకో ఖాతా తెరవడం ఒక్క పూట పని.

అతిథి నమ్మకం కూడా అంతే విలువైనది. ఇంటి లోపల కెమెరాలు పెట్టడాన్ని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట కెమెరా ఉంటే ముందే చెప్పాలి. ఆడపిల్లతో వచ్చిన తల్లి ఆ గదిలో నిశ్చింతగా నిద్రపోగలగాలి. ఈ వ్యాపారంలో దీనికన్నా పెద్ద బాధ్యత లేదు.

మూడో నమ్మకం ఇరుగుపొరుగుది. ఇళ్ళు ఎక్కువెక్కువగా పర్యాటకుల చేతికి పోతే ఊళ్ళో ఉండేవాళ్ళకు అద్దెలు పెరుగుతాయి, మెట్ల మీద ఎప్పుడూ కొత్త ముఖాలే కనిపిస్తాయి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి, ఇంటాయన అక్కడే ఉంటేనే, అదీ ఇద్దరు అతిథులకు మించకుండా ఉంటేనే 30 రోజులకన్నా తక్కువ అద్దెను అనుమతిస్తోంది. బార్సిలోనా మేయర్ జౌమె కొల్బోని, నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024లో ప్రకటించారు. పక్కింటి పెద్దాయన ఫిర్యాదు పెద్ద నగరాల్లో చివరికి చట్టమైంది. రాత్రి పదయ్యాక పాటలొద్దని, పార్కింగ్ ఎక్కడో, లిఫ్టు ఎలాగో ముందే చెప్పే నిర్వాహకుడికి, పక్కవాళ్ళ చేతిలో తన ఫోన్ నంబరు పెట్టినవాడికి ఆ ఫిర్యాదు పోలీసు స్టేషన్‌కు బదులు తన ఫోన్‌కే వస్తుంది.

మొదటి రాత్రి

మొదలుపెట్టడానికి ఆఫీసు అక్కర్లేదు. ఒక ఇల్లు, దాన్ని నమ్మి ఇచ్చిన ఒక బంధువో స్నేహితుడో, పని తెలిసిన ఇద్దరు మనుషులు, ఫోనెత్తే ఒక ఎలక్ట్రీషియన్, ఒక ప్లంబర్, లాండ్రీ అతను. మూడు నెలలు ఒకే ఇంటిని నడిపి లెక్కలు చూసుకున్నాక రెండోది తీసుకోవచ్చు.

ఆ మొదటి ఇంటిని ఆన్‌లైన్‌లో పెట్టే ముందు నిర్వాహకుడు చేసే ఒక పని ఉంది. సాయంత్రం చిన్న బ్యాగుతో కొత్తవాడిలా వెళ్ళి, ఆ రాత్రికి అక్కడే పడుకోవడం. గేటు దగ్గర ఇంటి నంబరు చీకట్లో కనబడదని తెలుస్తుంది. మంచం పక్క ప్లగ్గులో ఫోన్ చార్జరు వదులుగా ఊగుతుంది. కర్టెను సందులోంచి వీధిదీపం సరిగ్గా దిండు మీద పడుతుంది. టీ పెట్టుకుందామంటే వడపోసే జల్లెడ ఉండదు. తెల్లవారి అయిదింటికి అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటారు గోడ అవతలే మోగుతుంది. పొద్దున్నే బాల్కనీలో కూర్చుని, ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, తాళం వేసి, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తాడు.